రాసే క్రమం, వెతికే క్రమం: వెబ్‌సైటు రద్దీని నమోదు చేసే డేటాబేసుల వేగం వెనుక శాస్త్రం

ఒక వెబ్‌సైటులోని పుటను ఎవరైనా తెరిచిన ప్రతిసారీ, ఆ పుటను పంపిన సర్వరు ఆ సంగతిని తన దగ్గర ఒక చిన్న నమోదుగా రాసుకుంటుంది. అభ్యర్థన ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చింది, ఎప్పుడు వచ్చింది, ఏ పుటను అడిగింది, జవాబు సవ్యంగా వెళ్లిందా లేదా, ఎన్ని బైట్లు పంపవలసి వచ్చింది అనే వివరాలు అందులో ఉంటాయి. ఇలాంటి నమోదుల వరుసనే లాగ్ అంటారు. 1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎన్‌సీఎస్‌ఏ కేంద్రం తయారుచేసిన వెబ్ సర్వరు ఈ నమోదుకు ఒక రూపాన్ని స్థిరపరచగా, ఆ తరువాత వచ్చిన అపాచీ వంటి సర్వర్లు దానినే అనుసరించాయి. సైటు ఎప్పుడు మొరాయించింది, దాడి ఎటునుంచి వచ్చింది, పాఠకులు దేనికోసం వస్తున్నారు అనే ప్రశ్నలకు జవాబు దొరికేది ఈ లాగ్‌లోనే కాబట్టి, దానిని ఫైలులో పడేసి ఊరుకోకుండా, ప్రశ్నలు అడగడానికి వీలైన డేటాబేసులో భద్రపరచడం వాడుకలోకి వచ్చింది.

అయితే ఈ నమోదులు చేరే వేగం సామాన్యమైనది కాదు. రోజుకు 10 కోట్ల అభ్యర్థనలు వచ్చే సైటును ఉదాహరణగా తీసుకుంటే, రోజులోని 86,400 సెకన్లకు సమంగా పంచినా సెకనుకు సుమారు 1,157 నమోదులు పడతాయి. రద్దీ ఎప్పుడూ సమంగా ఉండదు. పరీక్షా ఫలితాలు వెలువడే గంటలోనో, రైలు టిక్కెట్లు విడుదలయ్యే నిమిషంలోనో అది సగటుకు అయిదు రెట్లకు చేరిందనుకుంటే, సెకనుకు దాదాపు 5,800 నమోదులను డేటాబేసు స్వీకరించాలి. ఒక్కొక్క నమోదు 200 బైట్లు ఉంటుందనుకున్నా రోజుకు 20 గిగాబైట్లు, ఏడాదికి 7.3 టెరాబైట్లు పోగవుతాయి. ఇలా ఎడతెరిపి లేకుండా రాస్తూనే, నిర్వాహకులు అడిగే ప్రశ్నలకు సెకన్లలో జవాబివ్వవలసిన డేటాబేసు, మొదటి కొన్ని నెలలు చురుకుగా పనిచేసి ఆ తరువాత ఒక్కసారిగా నెమ్మదించడం తరచుగా కనిపిస్తుంది. అలా నెమ్మదించడానికి కారణం యంత్రం చాలకపోవడం కంటే, డేటాను అమర్చిన తీరులోనే ఎక్కువగా ఉంటుంది.

వరుసగా రాయడం, చెదురుమదురుగా రాయడం

ఆ కారణం అర్థం కావాలంటే డిస్కు స్వభావం తెలియాలి. నిమిషానికి 7,200 సార్లు తిరిగే అయస్కాంత డిస్కు సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. చదివి రాసే ముల్లు కావలసిన చోటికి చేరడానికి 8 లేదా 9 మిల్లీసెకన్లు, ఆ చోటు తిరిగి ముల్లు కిందికి రావడానికి సగటున మరో 4 మిల్లీసెకన్లు పడతాయి కాబట్టి, చెదురుమదురు చోట్లకు వెళ్లి చదవడం లేదా రాయడం సెకనుకు 80 సార్లకు మించి సాధ్యం కాదు. అదే డిస్కు, ముల్లును కదపకుండా ఒకే ధారగా రాసినప్పుడు సెకనుకు 150 మెగాబైట్ల దాకా రాయగలదు. పైన లెక్కించిన రద్దీ వేళ 5,800 నమోదులను కలిపినా సెకనుకు 1.2 మెగాబైట్లకు మించదు. అంటే వరుసగా రాస్తే ఆ పని డిస్కు శక్తిలో నూరో వంతు కూడా కాదు, ఒక్కొక్కటీ ఒక్కొక్క చోట రాయవలసి వస్తే మాత్రం ఆ డిస్కు వంటివి డెబ్బై ఉన్నా చాలవు.

తిరిగే భాగాలు లేని సాలిడ్ స్టేట్ డిస్కులు ఈ అంతరాన్ని బాగా తగ్గించాయే గాని పూర్తిగా తొలగించలేదు. వాటిలోని ఫ్లాష్ మెమరీలో ఒకసారి రాసిన చోట నేరుగా తిరగరాయడం కుదరదు; పుటలు అనే చిన్న ముక్కలు అనేకం కలిసిన పెద్ద ఖండాన్ని మొత్తంగా చెరిపిన తరువాతనే అక్కడ మళ్లీ రాయగలుగుతారు. అందువల్ల అక్కడొకటి ఇక్కడొకటిగా చిన్న మార్పులు చేసినప్పుడు, ఇంకా పనికివచ్చే డేటాను డిస్కు తనంతట తానే వేరొక చోటికి నకలు చేసుకోవలసి వస్తుంది. పైగా డేటాబేసులు డిస్కుతో వ్యవహరించేది కూడా పుటలు అనే స్థిర పరిమాణపు ముక్కల లెక్కన: పోస్ట్‌గ్రెస్ డేటాబేసులో పుట పరిమాణం 8 కిలోబైట్లు, మైసీక్వెల్‌లో సాధారణంగా వాడే ఇన్నోడీబీలో 16 కిలోబైట్లు. 200 బైట్ల నమోదు కోసం 8 కిలోబైట్ల పుటను తిరిగి రాస్తే, అవసరమైన దానికి 40 రెట్లు రాసినట్లవుతుంది.

ఇండెక్సు వేగమూ, దాని వెలా

నమోదులు వచ్చేది కాలక్రమంలో. ప్రశ్నలు మాత్రం వేరే క్రమాన్ని కోరుతాయి: ఫలానా ఐపీ చిరునామా నుంచి వచ్చినవి, ఫలానా పుటకు చెందినవి, విఫలమైన జవాబులన్నీ. పెళ్లిలో చదివింపులు రాసే వ్యక్తి వచ్చినవారి పేర్లను వచ్చిన వరుసలోనే పుస్తకంలో ఎక్కిస్తాడే తప్ప, ఒక్కొక్కరి ఊరి పేరు అడిగి ఆ ఊరికి కేటాయించిన పుటను వెతికి రాయడు. అలా రాస్తే పందిట్లో వరుస కదలదు. ఊళ్ల వారీగా, ఇంటిపేర్ల వారీగా విడదీసుకునే పని రద్దీ తగ్గిన తరువాత తీరికగా జరుగుతుంది. డేటాబేసు ఎదుర్కొనే చిక్కు సరిగ్గా ఇదే, కాకపోతే దానికి రద్దీ తగ్గే సమయం రాదు.

వెతికే క్రమానికి అనువుగా డేటాబేసు కట్టుకునే అమరికను ఇండెక్సు అంటారు. బోయింగ్ సంస్థ పరిశోధనాలయంలో పనిచేస్తున్న రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ 1970లో రూపొందించి, 1972లో పత్రికలో ప్రకటించిన బీ-ట్రీ అనే నిర్మాణం ఈనాటికీ చాలా ఇండెక్సులకు ఆధారం. ఇందులో ఒక్కొక్క పుట నుంచి కొన్ని వందల కొమ్మలు చీలుతాయి. కొమ్మలు 300 అనుకుంటే, నాలుగంటే నాలుగు అంచెల్లో 810 కోట్ల నమోదులలో కావలసినదాన్ని పట్టుకోవచ్చు. వెతకడానికి ఇంత సమర్థమైన ఈ నిర్మాణం రాసేటప్పుడు వెల అడుగుతుంది. పట్టికకు అయిదు ఇండెక్సులు ఉంటే, ఒక నమోదు రాగానే పట్టికతో కలిపి ఆరు నిర్మాణాలలో మార్పు జరగాలి.

ఆ ఆరింటి భారం ఒకేలా ఉండదన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. సమయం మీద కట్టిన ఇండెక్సులో కొత్త నమోదు ఎప్పుడూ కుడి చివరి పుటలోకే వెళుతుంది కనుక, ఆ పుట మెమరీలో సిద్ధంగా ఉంటుంది. ఐపీ చిరునామా మీద కట్టిన ఇండెక్సులోనైతే కొత్త నమోదు ఏ మూలకైనా వెళ్లవచ్చు. ఇండెక్సు మొత్తం మెమరీలో ఇమిడినంత కాలం ఈ తేడా పైకి కనిపించదు. అది మెమరీని మించి పెరిగిన రోజున, ప్రతి నమోదుకూ డిస్కు నుంచి ఒక పుటను తెచ్చి, మార్చి, తిరిగి రాయవలసి వస్తుంది. నెలల తరబడి సాఫీగా నడిచిన డేటాబేసు హఠాత్తుగా నెమ్మదించడానికి తరచుగా మూలం ఇదే. యాదృచ్ఛికంగా పుట్టించిన గుర్తింపు సంఖ్యలను ప్రధాన కీగా వాడినా ఇదే ఇబ్బంది తలెత్తుతుంది. అందుకే 2024 మే నెలలో వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 9562 ప్రమాణంలో, మొదటి భాగంలో సమయాన్ని ఇముడ్చుకుని కాలక్రమంలో పెరిగే, యూయూఐడీ అనే గుర్తింపు సంఖ్యల ఏడవ రకానికి చోటిచ్చారు.

కాలక్రమంలో పేరుకునే లాగ్‌కు బీ-ట్రీ కంటే తేలికైన ఇండెక్సు కూడా ఉంది. 2016 జనవరిలో విడుదలైన పోస్ట్‌గ్రెస్ 9.5తో వచ్చిన బ్రిన్ అనే ఇండెక్సు, ప్రతి నమోదును సూచించే బదులు, వరుసగా ఉన్న 128 పుటలకు ఒకటి చొప్పున ఆ భాగంలోని కనిష్ఠ, గరిష్ఠ సమయాలను మాత్రమే గుర్తుంచుకుంటుంది. 200 బైట్ల నమోదులు 100 కోట్లు ఉన్న పట్టికలో ఇలాంటి భాగాలు 2 లక్షల లోపే ఉంటాయి కాబట్టి, ఇండెక్సు మొత్తం కొద్ది మెగాబైట్లలో సరిపోతుంది. అదే సమయం మీద బీ-ట్రీ కడితే అది గిగాబైట్లలోకి వెళుతుంది. అడిగిన రోజుకు చెందని భాగాలను తెరవకుండానే వదిలేయడం ద్వారా ఇది వేగాన్ని సాధిస్తుంది.

గుంపుగా రాయడం

రాసిన నమోదు విద్యుత్తు పోయినా పోకూడదన్నది డేటాబేసు ఇచ్చే హామీ. మార్పును అసలు పట్టికలో చేసే ముందే, దాని వివరాన్ని చివర చేర్చుకుంటూ పోయే ఒక ప్రత్యేకమైన ఫైలులో రాసి, అది డిస్కుకు చేరిందని నిర్ధారించుకున్న తరువాతనే డేటాబేసు పని పూర్తయినట్లు ప్రకటిస్తుంది. ముందస్తు లాగ్ అనదగిన ఈ పద్ధతిని సమగ్రంగా సూత్రీకరించినవారిలో ముఖ్యుడు, మద్రాసు ఐఐటీలో చదివి ఐబీఎం పరిశోధనాలయంలో పనిచేసిన సి. మోహన్. ఆయన బృందం 1992లో ప్రచురించిన ఏరీస్ పద్ధతి తరువాతి డేటాబేసులకు మార్గదర్శకమైంది. నమోదు ఒక్కొక్కటీ విడివిడిగా ఈ నిర్ధారణ కోరితే, సెకనుకు 120 చుట్లు తిరిగే డిస్కు మీద సెకనుకు 120 నమోదులకు మించి పూర్తికావు. వేయి నమోదులను ఒక గుంపుగా చేర్చి ఒకే నిర్ధారణతో రాస్తే, అదే డిస్కు ఆ రద్దీని సులభంగా మోస్తుంది. సెకనుకు వేల నిర్ధారణలు ఇవ్వగల ఆధునిక డిస్కుల మీద కూడా, ఒక్కొక్కదానికీ విడిగా జరిగే ఆదేశాల పరిశీలన, నెట్‌వర్కు ప్రయాణం వంటి ఖర్చులు గుంపు వల్ల కలిసివస్తాయి.

హామీలోనే కొంత సడలింపునకు ఒప్పుకోవడం మరో మార్గం. పోస్ట్‌గ్రెస్‌లో డిస్కు నిర్ధారణ కోసం వేచి ఉండనక్కరలేదని అమర్చుకోవచ్చు. మామూలు అమరికలో అప్పుడు యంత్రం కూలిపోతే గరిష్ఠంగా 600 మిల్లీసెకన్ల నమోదులు పోవచ్చు గాని, డేటాబేసు చెడిపోదు. బ్యాంకు లావాదేవీకి అంత నష్టమైనా తగదు. పుట సందర్శనల లెక్కకు మాత్రం అది చాలా సందర్భాలలో భరించదగినదే. ఏ డేటాకు ఎంత హామీ అవసరమో విడివిడిగా నిర్ణయించుకోవడం వేగానికి తొలి మెట్టు.

ఇదే సందర్భంలో మరొక పొరపాటును చెప్పుకోవాలి. సందర్శనల మొత్తాన్ని పట్టికలోని ఒకే వరుసలో ఉంచి, పుట తెరిచిన ప్రతిసారీ దానికి ఒకటి కలిపే పద్ధతి చూడటానికి సులువుగా కనిపిస్తుంది. కాని ఒక వరుసను ఒకరు మారుస్తున్నంతసేపు డేటాబేసు దానికి తాళం వేసి మిగిలినవారిని ఆపుతుంది కనుక, వేలమంది ఒకేసారి వచ్చినప్పుడు అందరూ ఆ ఒక్క వరుస దగ్గర బారులు తీరుతారు. ప్రతి సందర్శననూ కొత్త నమోదుగా చివర చేర్చి, మొత్తాన్ని తరువాత లెక్కించడం, లేదా లెక్కను అనేక వరుసలుగా చీల్చి చదివేటప్పుడు కూడుకోవడం దీనికి విరుగుడు.

నడుమ ఒక క్యూ

రద్దీ పెరిగే కొద్దీ ఆలస్యం అదే నిష్పత్తిలో పెరుగుతుందనుకోవడం సహజమే గాని, వాస్తవం వేరు. టెలిఫోన్ కాల్స్ రద్దీని గణితంతో విశ్లేషిస్తూ 1909లో తన తొలి పరిశోధనా పత్రాన్ని ప్రచురించిన డెన్మార్క్ శాస్త్రవేత్త అగ్నర్ క్రారుప్ ఎర్లాంగ్ పునాది వేసిన క్యూల సిద్ధాంతం దీనిని వివరిస్తుంది. పనులు యాదృచ్ఛికంగా వచ్చే ఒక సాధారణ క్యూలో, సర్వరు తన సామర్థ్యంలో సగం మేరకు పనిచేస్తున్నప్పుడు ఒక పనికి పట్టే మొత్తం సమయం అసలు సమయానికి రెట్టింపు ఉంటుంది. 80 శాతం దగ్గర అయిదు రెట్లు, 90 శాతం దగ్గర పది రెట్లు, 95 శాతం దగ్గర ఇరవై రెట్లు అవుతుంది. కనుక రద్దీలో వచ్చిన చిన్న పెరుగుదల కూడా, అంచున నడుస్తున్న డేటాబేసును కుదేలు చేయగలదు. నమోదు పూర్తయ్యేవరకు పుటను పాఠకుడికి పంపకుండా ఆపే అమరిక ఉన్నచోట, లాగ్ రాసే డేటాబేసు నెమ్మదించినందుకు సైటు మొత్తం నిలిచిపోతుంది.

దీనికి పరిష్కారంగా, వెబ్ సర్వరుకూ డేటాబేసుకూ మధ్య ఒక క్యూను ఉంచుతారు. సర్వరు తన నమోదును క్యూలో వేసి పాఠకుడికి జవాబు పంపేస్తుంది. డేటాబేసు తన వీలును బట్టి క్యూ నుంచి గుంపులు గుంపులుగా తీసుకుంటుంది. లింక్డ్‌ఇన్ సంస్థలో జే క్రెప్స్, నేహా నార్ఖెడే, జున్ రావ్ రూపొందించగా 2011లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదలైన కాఫ్కా ఈ పనికి పేరుపొందింది. సభ్యులు ఏయే పుటలు చూస్తున్నారో తెలిపే నమోదులను చేరవేయడం దాని తొలి ప్రయోజనాలలో ఒకటి. కాఫ్కా లోపల ఉన్నది కూడా చివర చేర్చుకుంటూ పోయే లాగ్ ఫైళ్లే కావడం వల్ల, అది డిస్కు వరుస వేగాన్ని పూర్తిగా వాడుకుంటుంది. క్యూ ఉన్నంత మాత్రాన సామర్థ్యం పెరగదని మాత్రం మరువరాదు. గంటసేపు వచ్చిన ఉప్పెనను అది నిలవ ఉంచగలదు. సగటు రద్దీయే డేటాబేసు శక్తిని మించితే క్యూ అంతులేకుండా పెరుగుతుంది. అందువల్ల క్యూ నిండినప్పుడు దేన్ని వదిలేయాలో ముందుగానే నిర్ణయించి ఉంచాలి.

తరువాత అమర్చుకోవడం

రాసేటప్పుడు కాలక్రమమూ, వెతికేటప్పుడు వేరే క్రమమూ కావాలన్న వైరుధ్యానికి మరింత లోతైన పరిష్కారం 1996లో పాట్రిక్ ఓనీల్, ఎడ్వర్డ్ చెంగ్, డీటర్ గావ్లిక్, ఎలిజబెత్ ఓనీల్ ప్రచురించిన ఎల్‌ఎస్‌ఎం ట్రీ. ఇందులో కొత్త నమోదులు మొదట మెమరీలో పోగై, అక్కడే కోరిన క్రమంలో అమరుతాయి. మెమరీ నిండగానే అవి ఒక క్రమబద్ధమైన ఫైలుగా ఒకే ధారలో డిస్కుకు వెళతాయి. అలా చేరిన చిన్న ఫైళ్లను నేపథ్యంలో కలుపుతూ పెద్ద ఫైళ్లుగా మార్చుతారు. అమర్చే శ్రమ ఇందులోనూ ఉంది, ఒకే నమోదు అనేకసార్లు నకలవుతుంది కూడా. కాని ఆ శ్రమ అంతా వరుసగా చదివి వరుసగా రాసే రూపంలోకి మారుతుంది. వెతికేటప్పుడు అనేక ఫైళ్లను తెరవవలసి రావడం దీని లోపం. ఒక కీ, అంటే వెతికే విలువ, ఫైలులో కచ్చితంగా లేదనో, ఉండవచ్చనో చెప్పగల బ్లూమ్ ఫిల్టరు ఆ లోపాన్ని తగ్గిస్తుంది. 1970లో బర్టన్ బ్లూమ్ ప్రతిపాదించిన ఈ పద్ధతిలో కీకి 10 బిట్లు కేటాయిస్తే, పొరపాటుగా ఉండవచ్చని చెప్పే సందర్భాలు ఒక శాతం దగ్గర ఆగుతాయి. గూగుల్ 2006లో వివరించిన బిగ్‌టేబుల్, ఫేస్‌బుక్‌లో పుట్టిన కసాండ్రా ఈ దారిలో నడిచినవే.

రష్యాకు చెందిన యాండెక్స్ మెట్రికా చరిత్ర ఈ సూత్రాలన్నింటికీ సజీవమైన ఉదాహరణ. వేలాది సైట్ల సందర్శనలను నమోదు చేసి, ఆయా సైట్ల యజమానులకు నివేదికలు చూపే ఈ సేవలో, అన్ని సైట్ల నమోదులూ కాలక్రమంలో కలగాపులగంగా వస్తాయి. ప్రతి యజమానీ అడిగేది మాత్రం తన ఒక్క సైటు లెక్క. 2008 నుంచి 2011 వరకు అక్కడ మైసీక్వెల్‌లోని మైఐశామ్ పట్టికలను వాడారు. అవి వరుసలను వచ్చిన క్రమంలోనే దాచడం వల్ల, ఒక సైటుకు చెందిన వరుసలు డిస్కు అంతటా చెల్లాచెదురై, ఒక నివేదిక కోసం ఎన్నో చోట్లకు వెళ్లి చదవవలసి వచ్చేది. దానికి మారుగా, సైటు సంఖ్య, తేదీల క్రమంలో డేటాను నేపథ్యంలో కలుపుతూ అమర్చే మెట్రాజ్ అనే నిర్మాణాన్ని ఆ ఇంజినీర్లు తామే కట్టుకున్నారు. అందులో దాచినది ముందే లెక్కించిన సారాంశాలను కాబట్టి, ముందుగా ఊహించిన నివేదికలు తప్ప యజమాని కొత్తగా అడిగిన ప్రశ్నకు జవాబు దొరికేది కాదు.

ఆ పరిమితిని దాటడానికి, ముడి నమోదులనే దాచి అడిగినప్పుడు లెక్కించే క్లిక్‌హౌస్ డేటాబేసును వారు రూపొందించి, 2016 జూన్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గా విడుదల చేశారు. గుంపులుగా వచ్చిన నమోదులను క్రమంలో పెట్టి భాగాలుగా రాయడం, ఆ భాగాలను నేపథ్యంలో కలపడం, ప్రతి 8,192 వరుసలకు ఒక్క ఇండెక్సు గుర్తుతో సరిపెట్టుకోవడం దాని పద్ధతి. వేలకొద్దీ చిన్న చిన్న చేర్పులుగా కాకుండా, కనీసం వేయి వరుసల గుంపులుగా డేటాను ఇవ్వాలని అది కోరడానికి కారణం కూడా, ప్రతి చేర్పుకూ ఒక కొత్త భాగం పుట్టి కలిపే పని పెరిగిపోవడమే.

క్లిక్‌హౌస్ వేగానికి మరో ఆధారం నిలువు అమరిక. సాధారణ డేటాబేసు ఒక నమోదులోని వివరాలన్నింటినీ పక్కపక్కనే దాస్తుంది; నిలువు అమరికలో సమయాలన్నీ ఒకచోట, ఐపీ చిరునామాలన్నీ ఒకచోట, జవాబు సవ్యంగా వెళ్లిందో లేదో తెలిపే స్థితి సంఖ్యలన్నీ ఒకచోట ఉంటాయి. నమోదుకు వంద వివరాలు ఉండి ప్రశ్నకు మూడే అవసరమైతే, మిగిలిన తొంభై ఏడింటిని డిస్కు నుంచి చదవనే అక్కరలేదు. ఒకే జాతి విలువలు పక్కపక్కన ఉండటం వల్ల అవి బాగా కుదించబడతాయి కూడా. అత్యధిక జవాబుల స్థితి సంఖ్య 200 అయినప్పుడు, ఆ సంఖ్యను కోటిసార్లు రాయవలసిన అవసరం ఏముంటుంది? నెదర్లాండ్స్‌లోని సీడబ్ల్యూఐ సంస్థ రూపొందించిన మోనెట్‌డీబీ, మైకేల్ స్టోన్‌బ్రేకర్ బృందం 2005లో ప్రకటించిన సీ-స్టోర్ ఈ అమరికకు బలమైన పునాదులు వేశాయి.

పాతదాన్ని తొలగించడం

ఎంత వేగంగా రాసినా, ఎప్పటికీ పెరుగుతూ పోయే పట్టిక ఒకనాటికి భారమే అవుతుంది. పాత నమోదులను ఒక ఆదేశంతో తొలగించాలనుకుంటే కోట్ల వరుసల మీద, వాటి ఇండెక్సుల మీద పని పడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో తొలగించిన వరుస వెంటనే చోటు ఖాళీ చేయక, తరువాత జరిగే వాక్యూమ్ అనే శుభ్రత కోసం ఎదురుచూస్తుంది. పట్టికను మొదటినుంచీ రోజుకొక ముక్కగా, అంటే పార్టిషన్లుగా విడదీసి ఉంచితే, గడువు తీరిన రోజు ముక్కను ఫైలుతో సహా క్షణంలో తీసివేయవచ్చు. నిన్నటి లెక్క అడిగినప్పుడు నిన్నటి ముక్కను మాత్రమే తెరవడం, నేటి ముక్క ఇండెక్సులు మెమరీలో ఇమిడేంత చిన్నవిగా ఉండటం దీని వల్ల కలిగే అదనపు లాభాలు. పోస్ట్‌గ్రెస్‌లో 2017లో వచ్చిన పదవ సంచిక నుంచి ఈ సౌకర్యం నేరుగా అందుతోంది.

భారతదేశంలో ఈ గడువుకు చట్టపరమైన కోణం కూడా ఉంది. సైబర్ భద్రతను చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీచేసిన ఆదేశాల ప్రకారం సేవాసంస్థలు, డేటా కేంద్రాలు, ప్రభుత్వ కార్యాలయాలు తమ వ్యవస్థల లాగ్‌లను గడచిన 180 రోజుల మేరకు భద్రపరచాలి. మరోవైపు ఐపీ చిరునామా వంటి వివరాలు వ్యక్తిని గుర్తించడానికి దారితీస్తాయి కనుక, అవసరం తీరిన తరువాత వాటిని అట్టిపెట్టుకోవడం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం స్ఫూర్తికి సరిపడదు. తేదీల వారీ పార్టిషన్లు ఈ రెండు బాధ్యతలనూ ఏకకాలంలో తీర్చగలవు.

సారాంశాలు, నమూనాలు

ముడి నమోదులు పోయినా వాటి సారం నిలవాలంటే, గంటకు ఒకసారో రోజుకు ఒకసారో సారాంశ పట్టికను తయారుచేసుకోవాలి. పుటల వారీ సందర్శనల వంటి లెక్కలను రోజుల నుంచి నెలలకు, నెలల నుంచి ఏళ్లకు కూడుకుంటూ పోవచ్చు. ఎంతమంది వేర్వేరు వ్యక్తులు వచ్చారన్న లెక్క మాత్రం అలా కూడదు. సోమవారం లక్షమంది, మంగళవారం లక్షమంది వస్తే, రెండు రోజుల్లో వచ్చినవారు లక్షకూ రెండు లక్షలకూ మధ్య ఎంతైనా కావచ్చు. ఫిలిప్ ఫ్లాజొలే, ఆయన సహచరులు 2007లో ప్రతిపాదించిన హైపర్‌లాగ్‌లాగ్ ఈ చిక్కును అందంగా విప్పుతుంది. ప్రతి సందర్శకుడి గుర్తింపునూ యాదృచ్ఛికంగా కనిపించే బిట్ల వరుసగా మార్చి, మొదట్లో వరుసగా ఎన్ని సున్నాలు వచ్చాయో చూస్తారు. పది సున్నాలతో మొదలయ్యే వరుస సగటున 1,024 మందిలో ఒకరికే వస్తుంది కాబట్టి, కనిపించిన అతి పొడవైన సున్నాల వరుస జనసంఖ్యకు సూచిక అవుతుంది. అలాంటి అనేక సూచికలను కలిపి, కేవలం 1.5 కిలోబైట్ల చోటులో 100 కోట్లకు మించిన సంఖ్యను సైతం సుమారు 2 శాతం తేడాతో అంచనా వేయవచ్చు. రెండు రోజుల సూచికలలో పెద్దవాటిని తీసుకుంటే చాలు, రెండు రోజుల ఉమ్మడి లెక్క వచ్చేస్తుంది.

అన్నింటినీ నమోదు చేయకుండా వేయింటిలో ఒకదాన్ని మాత్రమే ఎంచుకోవడం, అంటే నమూనా తీయడం, భారాన్ని తగ్గించే మరో మార్గం. దాని బలమూ బలహీనతా వికీమీడియా ఫౌండేషన్ అనుభవంలో స్పష్టమవుతాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాతో సహా వందలాది భాషల విజ్ఞాన సర్వస్వాలకు నెలకు వేయి కోట్లకు పైగా పుట సందర్శనలు అందుకునే ఆ సంస్థ, చాలాకాలం తన సర్వర్ల లాగ్‌లో వేయికి ఒకటి చొప్పున నమూనాను విశ్లేషణకు వాడింది. వ్యాసాల వారీ సందర్శనలను మాత్రం విడిగా మెమరీలోనే లెక్కించి గంటకొకసారి ఫైలుగా ప్రకటించేది. నమూనాలో 10,000 నమోదులు దొరికిన చోట అంచనాలో తేడా ఒక శాతం దగ్గరే ఉంటుంది కాబట్టి, పెద్ద భాషలకు ఆ పద్ధతి సరిపోతుంది. రోజుకు 300 సార్లు చదివే ఒక తెలుగు వ్యాసమైతే నాలుగింట మూడు రోజులు అలాంటి నమూనాలో ఒక్కసారైనా కనిపించదు. నమూనా వల్ల పోయేది ఎప్పుడూ చిన్నవాటి లెక్కేనని, చిన్న సమూహాల గురించి తెలుసుకోదలచినవారు దానిని జాగ్రత్తగా వాడాలని ఈ లెక్క చెబుతుంది.

తరువాతి కాలంలో వికీమీడియా కాఫ్కా ద్వారా అభ్యర్థనలన్నింటినీ సేకరించి, గంటల వారీ పార్టిషన్లుగా దాచి, ముడి నమోదులను 90 రోజులకు తొలగిస్తూ, వ్యక్తుల ఆనవాళ్లు లేని సారాంశాలను శాశ్వతంగా నిలిపే పద్ధతికి మారింది. 2015 నుంచి ఆ సారాంశాలు కసాండ్రా ఆధారంగా నడిచే ఒక బహిరంగ సేవ ద్వారా ఎవరికైనా అందుతున్నాయి. తెలుగులో ఏ వ్యాసాన్ని ఏ రోజున ఎన్నిసార్లు తెరిచారో నేడు ఏ పరిశోధకుడైనా ఉచితంగా చూడగలగడం ఈ ఏర్పాటు ఫలితమే.

ప్రశ్నతో మొదలయ్యే రూపకల్పన

ఈ పద్ధతులన్నింటినీ కలిపి చూస్తే, నమోదులను వెతికే క్రమంలోకి మార్చే శ్రమ ఎక్కడా మాయం కాలేదని, అది జరిగే సమయమూ చోటూ మాత్రమే మారాయని తేలుతుంది. బీ-ట్రీ ఆ శ్రమను నమోదు వచ్చిన క్షణంలోనే చేస్తుంది. క్యూ దానిని కొంతసేపు వాయిదా వేస్తుంది. ఎల్‌ఎస్‌ఎం ట్రీ నేపథ్యంలో గుంపుగా చేస్తుంది. సారాంశ పట్టిక ఒకసారి చేసి ఫలితాన్ని దాచుకుంటుంది. నిలువు అమరిక ప్రశ్న అడిగిన వేళకు కొంత మిగిల్చి, ఆ మిగిలిన దానిని చౌకగా పూర్తిచేస్తుంది. వీటిలో ఏది తగినదో చెప్పగలిగేది ప్రశ్నలే. ఏ నివేదికలు కావాలి, అవి ఎంత తాజాగా ఉండాలి, ఎంత నష్టాన్ని భరించవచ్చు, ఎన్ని రోజులు దాచాలి అనే నాలుగు సంగతులు తేల్చుకోకుండా ఖరీదైన యంత్రాలు కొన్నవారికి, ఆ యంత్రాలు సమస్యను కొన్ని నెలలు వెనక్కి నెట్టడం తప్ప తీర్చలేవు.

పోస్ట్‌గ్రెస్, కాఫ్కా, కసాండ్రా, క్లిక్‌హౌస్ అన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌గానే దొరుకుతాయి; అందువల్ల ఈ విద్య పెద్ద సంస్థల సొత్తుగా మిగలవలసిన అవసరం లేదు. ఫలితాలు ప్రకటించే విద్యా బోర్డుకైనా, పాత పత్రికలను అందించే డిజిటల్ గ్రంథాలయానికైనా, రైతులకు ధరలు తెలిపే ప్రభుత్వ సైటుకైనా ఒకే సర్వరు మీద తేదీల వారీ పార్టిషన్లు, గుంపుగా రాసే పద్ధతి, ఒకటి రెండు ఇండెక్సులు, రోజువారీ సారాంశం అనే నాలుగు ఏర్పాట్లు చాలాకాలం సరిపోతాయి. ఆ సరళమైన ఏర్పాటుతో మొదలుపెట్టి, కొలిచి చూసి, కొలత అవసరమని చెప్పిన చోటనే కొత్త పరికరాన్ని చేర్చడం ఈ రంగంలో నిలిచిన ఉత్తమ సంప్రదాయం.